వేలు చూశాడా, చందమామను చూశాడా?

బుజ్జమ్మా, నువ్వు ఫొటో తీసి పంపిన కాగితం చదివాను. వాడి రెండేళ్ల చెకప్‌కి తీసుకెళితే డల్లాస్‌లో డాక్టరమ్మ 20 ప్రశ్నల కాగితం చేతికిచ్చి అవుననో కాదనో టిక్కులు పెట్టమందట. లెక్క కడితే 5 వచ్చిందట. ఆ 5 పట్టుకుని నువ్వు రాత్రంతా ఫోన్లో ఏవేవో చదువుతూ కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. చదివింది చాలుగానీ, కాసేపు తాతయ్య మాట విను. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి మీవాడికి ఏముందో, ఏం లేదో నా నోటితో చెప్పను. డాక్టర్లు దాన్ని ఎలా తేలుస్తారో మాత్రం చెబుతాను. అది తెలిస్తే భయపడటానికైనా ఒక పద్ధతి వస్తుంది.

ఆ కాగితాన్ని ఎమ్‌-చాట్ అంటారు. 16 నుంచి 30 నెలల వయసు పిల్లల కోసం తయారుచేసింది. 18 నెలలప్పుడు ఒకసారి, 24 నెలలప్పుడు ఒకసారి ప్రతి బిడ్డనూ ఆటిజం కోసం ఇలా చూడమని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. అంటే మీవాడి మీద ప్రత్యేకంగా అనుమానం వచ్చి ఇచ్చింది కాదు. ఇందులో 2 దాకా వస్తే ఊరుకుంటారు. 8 గానీ ఆపైన గానీ వస్తే ఇంకేం అడక్కుండా స్పెషలిస్టు దగ్గరికి పంపుతారు. 3 నుంచి 7 దాకా వచ్చినవాళ్లకి రెండో విడత ఉంటుంది. తేడాగా వచ్చిన ప్రశ్నల్నే మళ్లీ విడమర్చి అడుగుతారు. ఇంట్లో చప్పుళ్లకి బెంబేలు పడతాడా అన్నదానికి నువ్వు అవునన్నావు, మిక్సీ వేస్తే ఏడుస్తాడని. మిక్సీకి ఏడవని పసివాణ్ణి నేనింకా చూడలేదు. ఇప్పుడు అడిగేది, మిక్సీ ఒక్కదానికేనా, ఇంకా వేటికి, ఎత్తుకుంటే ఊరుకుంటాడా, లేక చెవులు మూసుకుని ఎంతసేపైనా అరుస్తూనే ఉంటాడా అని. ఈ విడతలో కూడా రెండో అంతకంటే ఎక్కువో నిలిస్తేనే ముందుకి పంపడం. నిన్ను రెండో విడత ప్రశ్నలు ఎవరూ అడగలేదన్నావు. ఫోన్ చేసి అడగమను.

పిండి జల్లిస్తే జల్లెడలో నిలిచిందంతా పురుగేనా? ఉండకట్టిన మంచి పిండి కూడా నిలుస్తుంది. చేత్తో నలిపి చూస్తేగానీ ఏది ఏదో తెలీదు. 2014లో ఈ 20 ప్రశ్నల్ని 16,000 మందికి పైగా పసిపిల్లల మీద పరీక్షించి చూశారు. రెండు విడతలూ దాటాక కూడా నిలిచిన పిల్లల్లో ఆటిజం అని తేలింది నూటికి 47 మందికి పైచిలుకు. అంటే సగం కంటే తక్కువ. కానీ ఇంకో అంకె కూడా ఉంది, అది నీ దగ్గర దాచను. ఆ నిలిచినవాళ్లలో నూటికి దాదాపు 95 మందికి ఎదుగుదలలో ఏదో ఒక ఆలస్యమో, పట్టించుకోవలసిన సంగతో ఉంది. కాబట్టి రెండో విడతలో కూడా నిలిస్తే అప్పుడు పట్టించుకోక తప్పదు.

ఇక మీ ఆయన ప్రశ్న. "ఇదంతా ఎందుకు తాతగారూ, ఒక ఎమ్మారై తీయించేస్తే సరిపోదా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, అలాగే అడుగుతాడు. సరిపోదు. ఆటిజంకి రక్తపరీక్ష లేదు. స్కానులో కనపడదు. మూర్ఛలుంటే ఈఈజీ తీస్తారు. నడకలోనో, ఒంటి బిగువులోనో, తల పెరగడంలోనో తేడా ఉంటే ఎమ్మారై తీస్తారు. ఫ్రాజైల్ ఎక్స్ లాంటివి ఉన్నాయేమోనని జన్యు పరీక్షలు చేస్తారు, కొందరిలో అక్కడ కారణం దొరుకుతుంది. రెట్ సిండ్రోమ్ అని ఒకటుంది, ఎక్కువగా ఆడపిల్లల్లో వస్తుంది. మొదట బాగానే పెరుగుతున్నట్టు ఉండి, ఆ తర్వాత వచ్చిన మాటలూ చేతిపనులూ పోగొట్టుకుంటారు. దాని జన్యువు 1999లో మీకు దగ్గర్లోనే, హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ బృందానికి దొరికింది. అయితే ఇవన్నీ వెనకున్న కారణాన్ని వెతికే పరీక్షలు. ఆటిజం ఉందా లేదా అని తేల్చడానికి మాత్రం బిడ్డను కూర్చోబెట్టి చూడటమే ఇప్పటికీ దారి.

చూడటమంటే ఏం చూస్తారు? నీకు అన్నం పెట్టేటప్పుడు మీ అమ్మమ్మ పెరట్లో నిలబడి చందమామను చూపించేది. మొదట్లో నువ్వు ఆవిడ వేలు చూసేదానివి, లేదా గాజులు చూసేదానివి. ఆర్నెల్ల పిల్లలందరూ అంతే. ఏడాది దగ్గర పడేసరికి వేలు వదిలేసి వేలు చూపిస్తున్న దిక్కుకి చూడటం వస్తుంది. 1975లో మైఖేల్ స్కైఫ్, జెరోమ్ బ్రూనర్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తల పక్కకి తిప్పితే బిడ్డ కూడా అటే తల తిప్పుతుందా అన్నది వాళ్లు చూసిన సంగతి. తిప్పుతుంది, నెలలు గడిచేకొద్దీ ఎక్కువమంది పిల్లలు తిప్పుతారు. చిన్న విషయంలాగే ఉంటుంది గానీ, మాట నేర్చుకోవడమంతా దాని మీదే నిలబడి ఉంది. అమ్మ 'కాకి' అన్నప్పుడు అమ్మ చూపు ఎటుందో పట్టుకోలేని బిడ్డకి, ఆ మాట కాకిదో, గోడదో, అన్నం గిన్నెదో ఎలా తెలుస్తుంది?

తర్వాత బిడ్డే వేలెత్తి చూపించడం మొదలుపెడుతుంది. అందులో రెండు రకాలున్నాయి. అలమారు మీద బిస్కెట్ డబ్బాని చూపించి 'ఊ ఊ' అంటే అది కావాలని. ఆకాశంలో విమానాన్ని చూపించి నీ మొహంలోకి చూస్తే మాత్రం వాడికి విమానం అక్కర్లేదు. నువ్వు కూడా చూశావా లేదా అన్నది కావాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువగా వెనకబడేది ఈ రెండో రకం. కొందరు వేలు వాడకుండా నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెట్టేస్తారు, నీ మొహం వైపు చూడను కూడా చూడరు. నీ కాగితంలో వేలు గురించి రెండు ప్రశ్నలు వేరువేరుగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

మీవాడి మొదటి పుట్టినరోజు వీడియో ఉందిగా, డ్రోన్ కూడా ఎగరేశారు. దాన్ని పారేయకు. 1994లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జూలీ ఆస్టర్లింగ్, జెరాల్డిన్ డాసన్ అనే ఇద్దరు పరిశోధకులు చక్కటి పని చేశారు. తర్వాత రోజుల్లో ఆటిజం అని తేలిన 11 మంది పిల్లలవీ, మామూలుగా పెరిగిన 11 మందివీ మొదటి పుట్టినరోజు వీడియోలు సంపాదించారు. ఎవరు ఎవరో తెలియనివాళ్ల చేత వాటిని చూపించి గుర్తులు పెట్టించారు. నాలుగే సంగతులు: మనుషుల మొహాల్లోకి చూస్తున్నాడా, వేలెత్తి చూపిస్తున్నాడా, చేతిలో వస్తువు ఎత్తి ఎవరికైనా చూపిస్తున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా. ఈ నాలుగింటితోనే నూటికి 91 వంతులు సరిగ్గా విడదీయగలిగారు. మాటలు వచ్చాయా లేదా అన్నది అందులో లేనే లేదు, చూశావా? పిల్లవాడికి మాట రాలేదని డాక్టర్ దగ్గరికి పరిగెడతాం గానీ, మాట కంటే ముందే రావలసినవి ఇన్ని ఉన్నాయి. కేకు మీద కొవ్వొత్తి ఒకటే ఉన్న రోజుకే ఇంత కనిపిస్తుంటే, అమెరికాలో ఆటిజం అని తేల్చే సగటు వయసు ఇప్పటికీ నాలుగేళ్ల దగ్గరే ఉంది. అనుభవమున్న డాక్టరు రెండేళ్లకే నమ్మకంగా చెప్పగలరు. మధ్యలో పోయిన రెండేళ్లలో చాలా భాగం 'అన్నీ వస్తాయిలే' అనుకోవడంలో పోయినవే.

అసలు దీనికి పేరు పెట్టిన కథ కూడా ఒక తండ్రి రాసిన ఉత్తరంతోనే మొదలైంది. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అని చిన్న ఊరు. అక్కడి లాయరుగారు, తన కొడుకు డోనాల్డ్ గురించి 33 పేజీలు టైపు చేయించి బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరుకి పంపాడు. 1938లో ఐదేళ్ల ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్లి చూపించాడు. గిన్నె మూతలు, పళ్లేలు, దొరికినవల్లా బొంగరంలా తిప్పుతూ కూర్చునేవాడు. చుట్టూ మనుషులున్నారన్న పట్టింపు ఉండేది కాదు. 1943లో కానర్ అలాంటి 11 మంది పిల్లల గురించి రాశాడు, 8 మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. నిజానికి మాస్కోలో గ్రున్యా సుఖారెవా అనే డాక్టరమ్మ 1925లోనే ఇలాంటి ఆరుగురు మగపిల్లల్ని ఎంతో వివరంగా వర్ణించింది. పడమటి దేశాల్లో చాలాకాలం ఆవిడ పేరు ఎత్తినవాళ్లు లేరు. డోనాల్డ్ మాత్రం పెద్దవాడై, కాలేజీ చదివి, సొంత ఊళ్లో బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, ఒంటరిగా దేశదేశాలు తిరిగి, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. నువ్వు ఫోన్లో చదివిన కథల్లో ఇది ఉండి ఉండదు. అందరికీ ఇలాగే అవుతుందని నేననడం లేదు. జీవితాంతం ఒకరి తోడు కావలసిన వాళ్లూ ఉంటారు.

నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లే, డేకేర్‌లో వేయడం వల్లే ఇలా అయిందేమోనని ఏడ్చావట. అందుకని ఈ ముక్క చెప్పాలి. కానర్ తన మొదటి వ్యాసంలో ఈ పిల్లల తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లనీ, ముభావంగా ఉంటారనీ రాశాడు. అది పెరిగి పెరిగి, తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారనే దాకా వెళ్లింది. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పుస్తకమే రాశాడు. ఎన్ని వేల మంది తల్లులు ఆ నింద మోశారో. దాన్ని మొదట గట్టిగా ఎదుర్కొన్నది బెర్నార్డ్ రిమ్లాండ్, ఆయన సైకాలజిస్టు, తన కొడుక్కే ఆటిజం. 1964లోనే ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిందని వాదించాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ కవలల్ని చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు 11 జంటల్లో 4 జంటలకి ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటకీ ఇద్దరికీ లేదు. పెంపకమే కారణమైతే ఈ తేడా ఎందుకుంటుంది? కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, తల్లిదండ్రులుగా మీ తప్పేమీ లేదని చెప్పాడు. ఇన్నేళ్లయ్యాక, ఎక్కడో టెక్సాస్‌లో కూర్చుని నువ్వు ఆ పాత నేరాన్ని మళ్లీ నెత్తికెత్తుకోకు.

సరే, ఇప్పుడు వరసలో మొట్టమొదటి పరీక్ష. చెవులు. కానర్ చూసిన పిల్లల్లో కొందరిని అంతకుముందు చెవుడనుకున్నారు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. వినపడని బిడ్డ పిలిస్తే పలకడు, మాటలు రావు, తన లోకంలో తనుంటాడు, ఆటిజం అనేస్తారు. 'వాడికి బ్రహ్మాండంగా వినపడుతుంది, తలుపు కొడితే ఉలిక్కిపడతాడు' అని మీ ఆయన అంటాడు. తలుపు చప్పుడు లావు చప్పుడు, దాని అదురు కాళ్లకి కూడా తెలుస్తుంది. స, శ, త లాంటివి సన్నటి, తేలికపాటి చప్పుళ్లు. అవి మాత్రమే వినపడని చెవులుంటాయి. అలాంటి పిల్లలకి మన మాటంతా అచ్చులే మిగిలి, అరకొరగా చేరుతుంది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవులు చూశారు, పాసయ్యాడు అన్నావు. మంచిదే. తర్వాత జలుబులతో చెవి పరద వెనక జిగురునీరు చేరి వినికిడి తగ్గే పిల్లలు బోలెడంత మంది, డేకేర్ పిల్లల్లో మరీను. మళ్లీ చూపించు. ఇందులో ఒకటి నాకు భలే ఇష్టమైన పరీక్ష, ఓఏఈ అంటారు. చెవి శబ్దాన్ని వినడమే కాదు, లోపలి చెవిలో ఉన్న రోమకణాలు తమంతట తామే చిన్న శబ్దం బయటికి పంపుతాయి. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ దాన్ని కనిపెట్టాడు. చెవిలో చిన్న గొట్టం పెట్టి టిక్కుమనిపిస్తే, ఆరోగ్యంగా ఉన్న చెవి తిరిగి బదులిస్తుంది. పిల్లవాడు ఏమీ చెప్పక్కర్లేదు, కుదురుగా ఉంటే చాలు. ఇంకా సందేహముంటే నిద్రపుచ్చి, తలకి తీగలు అంటించి, శబ్దానికి నరం ఎలా స్పందిస్తుందో చూస్తారు. అది బెరా. మన వైపు మేనరికాలు ఎక్కువ, పుట్టుచెవుడు ఆ కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మీది మేనరికం కాదులే.

చెవుల తర్వాత చూసేది అర్థం చేసుకోవడం. 'వాడికి అన్నీ అర్థమవుతాయి తాతయ్యా, మాటే రావడం లేదు' అన్నావు. ప్రతి తల్లీ ఇదే అంటుంది. నిజమే కావచ్చు, పరీక్షించి చూడు. మీ ఆయన షర్టు తొడుక్కుని తాళాలు చేత్తో పట్టుకుని 'పార్కుకి వెళదామా' అంటే వాడు తలుపు దగ్గరికి పరిగెడతాడు. వాడికి అర్థమైంది మాటా, తాళాలా? రేపు మీ ఆయన్ని లుంగీతోనే సోఫాలో కూర్చుని, చెయ్యి కదపకుండా, తలుపు వైపు చూడకుండా అదే మాట అనమను. 'నాన్న చెప్పు పట్రా' అని అను, చెప్పుల వైపు కళ్లు తిప్పకుండా. డాక్టర్లు ఇదే జాగ్రత్తతో చేస్తారు. అర్థం బాగా అవుతూ, సైగలు బోలెడు చేస్తూ, ఉత్తుత్తి వంటలు చేసి నీకు తినిపిస్తూ, మాట ఒక్కటే రాని పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. అర్థం కూడా వెనకబడితే వేచి చూడటం మంచిది కాదు.

అందుకోనివాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి ఆటిజం ఉండదు, చెవులు బాగుంటాయి, ఆటల్లో చలాకీగానే ఉంటారు. భాష మాత్రం పట్టుబడదు. డొరొతీ బిషప్ అనే ఆంగ్ల సైకాలజిస్టు చొరవతో 2016, 2017ల్లో నిపుణులంతా కూర్చుని దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అనాలని ఒప్పుకున్నారు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చిన్నబడి పిల్లల్ని వరసగా పరీక్షిస్తే నూటికి 7 మందిలో కనిపించింది. అంటే నా క్లాసులో ప్రతి ఏడూ ఇద్దరో ముగ్గురో ఉండే ఉంటారు. లెక్క బోర్డు మీద వేస్తే చేసేవాళ్లు, అదే లెక్కని నాలుగు వాక్యాల్లో మాటలతో ఇస్తే నోరు తెరిచేవాళ్లు. స్టాఫ్ రూములో వాళ్లకి మొద్దులని పేరు. ఆటిజంకి నెలకో సినిమా వస్తోంది, దీని ఊసెత్తే నాథుడు లేడు.

రెండు భాషల సంగతి. డేకేర్‌లో ఎవరో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారట. మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతుందని గానీ, ఆటిజం ఉన్న పిల్లలకి రెండో భాష చెరుపు చేస్తుందని గానీ పరిశోధనల్లో తేలలేదు. నువ్వు అరకొర ఇంగ్లీషులో కాకుండా, కోపమొచ్చినా ముద్దొచ్చినా నీ నోటికి వచ్చే భాషలో మాట్లాడితేనే వాడికి నాలుగు ముక్కలు ఎక్కువ వినపడతాయి. అయితే ఒక జాగ్రత్త. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. 'పాలు', 'బాల్', 'తాత', 'మోర్' అన్నీ మాటలే. ఇంగ్లీషువి మాత్రమే లెక్కపెట్టి తక్కువ వచ్చాయనేవాళ్లుంటారు. ఇంకోటి, వాడు పాలు కావాలంటే 'పాలు కావాలా?' అంటాడని నవ్వుతూ చెప్పావు. నువ్వు అడిగే ప్రశ్ననే తిరిగి అప్పజెబుతున్నాడన్నమాట. తను చూసిన ఇంగ్లీషు పిల్లలు 'నేను' అనాల్సిన చోట 'నువ్వు' అంటారని కానర్ రాశాడు, తెలుగులో అది క్రియ చివర దాక్కుంటుంది. 'తింటాను' అనాల్సిన చోట 'తింటావా' అని. తెలుగు రాని పరీక్షకురాలికి ఇది వినపడదు. ఈ వయసులో కొంత అప్పజెప్పడం అందరు పిల్లల్లోనూ ఉంటుంది, కాబట్టి దీని మీద మళ్లీ రాత్రంతా కూర్చోకు. కాగితం మీద రాసి పెట్టు, చాలు.

మీ అత్తగారు, 'వాళ్ల నాన్నకీ నాలుగేళ్ల దాకా మాటల్లేవు' అంటున్నారట. ఆ మాట కొట్టిపారెయ్యకు, డాక్టరుకి చెప్పు. మాట ఆలస్యం కుటుంబాల్లో నడుస్తుంది, అది పనికొచ్చే సమాచారమే. దాన్ని ఊరుకోవడానికి కారణంగా మాత్రం తీసుకోకు. ఇక వసకొమ్ము అరగదీసి నాకించమన్న సలహా ఉంది చూడు, అది వద్దు. తరతరాలుగా మన ఇళ్లలో పోస్తున్నదే, మీ అమ్మకి మా అమ్మ పోసింది. కానీ వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంది. అది ఎలుకల్లో కణితులు పుట్టించిందని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకూడదన్నారు. మాట తెప్పించిందని మాత్రం ఎవరూ నిరూపించలేదు. నాలుక కింద తీగ కోయించమనే వాళ్లు కూడా ఎదురవుతారు. తీగ బిగుసుకుంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు, ఒకటి రెండు అక్షరాలు సరిగ్గా పలక్కపోవచ్చు. మాటలే రాకపోవడానికి, పిలిస్తే పలకకపోవడానికి అది కారణం కాదు.

స్పెషలిస్టు దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను, లేకపోతే మీ ఆయన 'దీనికా ఇంత ఫీజు' అంటాడు. ఏడాస్ అనే పద్ధతి ఉంది, 1980ల చివర కేథరిన్ లార్డ్, మైఖేల్ రటర్ వాళ్లు తయారుచేశారు. చూసేవాళ్లకి ఒకావిడ వాడితో గంటసేపు ఆడుకుంటున్నట్టు ఉంటుంది. సబ్బు బుడగలు ఊదుతుంది. బెలూన్ ఊది, ముడి వేయకుండా వదిలేస్తుంది, అది బుర్రుమని గదంతా తిరిగి పడుతుంది. అప్పుడు ఆవిడ బెలూన్ వైపు చూడదు, వాడి వైపు చూస్తుంది. వాడు నవ్వి ఆవిడ మొహంలోకి చూశాడా? బెలూన్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడా, లేక ఆవిడ చేతిని బెలూన్ మీదికి లాగాడా? నీ వైపు తిరిగి 'చూశావా అమ్మా' అన్నట్టు చూశాడా? ఒక్కోదానికి ఒక్కో అంకె ఉంది. నువ్వు మధ్యలో 'చూడు నాన్నా, ఆంటీకి ఇవ్వు' అని సాయం చేయకు. వాడు తనంతట తాను ఏం చేస్తాడన్నదే అక్కడ కావలసింది. దీంతోపాటు పుట్టినప్పటి నుంచీ జరిగినవన్నీ నిన్ను కూర్చోబెట్టి అడుగుతారు. రెండూ కలిపి, వాడి వయసుకి మిగతా ఎదుగుదల ఎలా ఉందో చూసి, అప్పుడు చెబుతారు. వచ్చిన మాటలు పోవడం ఎప్పుడైనా గమనిస్తే అది అన్నిటికంటే ముందు చెప్పు. దానికి అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకు.

ఇలా తేల్చిన పేరు ఆకాశంలోంచి ఊడిపడింది కాదు, కమిటీలు కూర్చుని గీసిన గీత. 1994లో ఆస్పర్జర్స్ అని వేరే గడి గీశారు, 2013లో తీసేసి అంతా ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపారు. ఆ ఏడే, మాటలు వచ్చి కూడా ఎదుటివాడితో సంభాషణ నడపలేని పిల్లలకి వేరే గడి ఒకటి గీశారు. ఈ మధ్య యూట్యూబులో 'వర్చువల్ ఆటిజం' అంటున్నారే, అది ఏ గడిలోనూ లేదు. ఫోను ముందు గంటలు గడిస్తే మనిషి మాట తగ్గుతుంది, ఆ మేరకు వాడికి నష్టమే, ఫోను తీసెయ్యి. కానీ ఫోను తీసేస్తే అంతా పోతుందని ఎవరైనా పరీక్షలు మానిపిస్తే వినకు.

గీత ఎవరు ఎక్కడ గీశారన్నది పిల్లల మీద ఎలా పడుతుందో ఇంకో ఉదాహరణ. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూశారు, 2012లో అచ్చయింది. అక్కడ బళ్లో చేరే లెక్క డిసెంబర్ 31తో ముగుస్తుంది. అదే క్లాసులో జనవరిలో పుట్టినవాళ్ల కంటే డిసెంబర్‌లో పుట్టిన మగపిల్లలకి ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవకపోవడం) అన్న పేరు 30 శాతం ఎక్కువగా పడింది, ఆడపిల్లలకి 70 శాతం ఎక్కువగా. పదకొండు నెలల చిన్నతనాన్ని జబ్బు కింద లెక్కేశారన్నమాట. మన దగ్గర బళ్లో వేయడానికి పుట్టినతేదీ ముందుకి జరిపి రాయించే తండ్రులు ఎంతమందో నాకు తెలుసు. ఐదేళ్లవాణ్ణి ఆరేళ్లని రాయించి, కుదురు లేదని టీచర్ చేత తిట్టిస్తారు. అందుకే ఏ పరీక్షకి వెళ్లినా అసలు తేదీ చెప్పాలి, నెలలు నిండకుండా పుడితే అదీ చెప్పాలి. ఏడీహెచ్‌డీ విషయంలో ఇంట్లో ఒకచోటే చూసి చెప్పకూడదు, బళ్లో కూడా అదే కనిపించాలి.

మీ అమ్మ వాణ్ణి హైదరాబాద్ తెచ్చి చూపిద్దామంటోంది. ఇక్కడ కూడా పనితెలిసినవాళ్లున్నారు. మన దేశంలో ఆటిజం ఎంత మేర ఉందో కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడే 40 అంశాల కొలబద్దను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థే తయారుచేసింది. 2016 చట్టంలో ఆటిజం, మాట-భాష వైకల్యం, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బంది అన్నీ 21 వైకల్యాల జాబితాలోకి ఎక్కాయి. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని చూసిన పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. వినికిడి లోపం, మూర్ఛ, మాట, చదువు ఇబ్బందులు అన్నీ కలుపుకుంటే ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒకటి ఉంది. అంటే మన వీధిలో కూడా ఉన్నారు, పేరు పెట్టలేదంతే. అయినా వాణ్ణి ఇప్పుడు విమానమెక్కించడం దండగ. వాడు రోజూ ఉండే ఇల్లు, డేకేర్ అక్కడ. ఏం చేసినా అక్కడే చేయాలి.

పైగా టెక్సాస్‌లో ఈసీఐ అని ఉంది, మూడేళ్ల లోపు పిల్లల కోసం. డాక్టర్ చీటీ అక్కర్లేదు, తల్లే ఫోన్ చేయొచ్చు. ఆటిజం ఉందని ఎవరూ తేల్చి ఉండక్కర్లేదు, ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే చాలు. చూడటానికి డబ్బు పుచ్చుకోరు. ఫోన్ చేసిన 45 రోజుల్లో పరీక్షించి, వాడు అర్హుడైతే మీతో కూర్చుని ఏం చేయాలో ప్రణాళిక వేయాలని అమెరికా చట్టం. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ నెలల తరబడి దొరకదన్నావుగా, అది నడుస్తుండగానే స్పీచ్ థెరపీ మొదలైపోతుంది. మూడో పుట్టినరోజు దాటితే వీళ్ల చేతిలోంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చేతికి వెళుతుంది. కాబట్టి సోమవారం పొద్దున ఇంకో రెండు ఫోన్లు, ఒకటి చెవుల పరీక్షకి, ఒకటి ఈసీఐ వాళ్లకి. కాగితాల్లో ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడుగుతారు. ఇంగ్లీషని రాసెయ్యకు, తెలుగు అని రాయి. తెలుగు తెలిసినవాళ్లు అక్కడ లేకపోతే దుబాసీని పెట్టమను. ఆ ఖర్చు నీ మీద వేయకూడదు. 'కావాలా' అన్నదానికీ 'కావాలి' అన్నదానికీ తేడా పరీక్షించే ఆవిడకి ముందే చెప్పిపెట్టు.